బడి తెరిచే రోజు, డబ్బు చేరే రోజు

మన రాష్ట్రంలో మామూలుగా జూన్ 12న బడులు తెరుస్తారు. నోటు పుస్తకాలు, పెన్నులు, జామెట్రీ బాక్సులు టోకున వేసే డిస్ట్రిబ్యూటరుకు ఆ తేదీకి ముందు మూడు వారాలు, తర్వాత మూడు వారాలు కలిపితే అదే ఏడాది. గోడౌను అద్దె, కుర్రాళ్ల జీతాలు, తెచ్చిన అప్పుకు వడ్డీ అన్నీ ఆ ఆరు వారాల్లోనే పుట్టాలి. ఈ వ్యాపారంలో చితికిపోయినవాళ్లలో అమ్మడం చేతగానివాళ్లు తక్కువ. గోడౌను నిండా సరుకుండి, కంపెనీకి కట్టడానికి చేతిలో డబ్బు లేకుండా పోయినవాళ్లే ఎక్కువ.

అందుకే ఈ అధ్యాయాన్ని "ఎంత కొనాలి" అన్న ప్రశ్నతో మొదలుపెట్టడం లేదు. కావలి నుంచి తడ దాకా సముద్రం పక్కన సరుకు వేసేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. కొనేవాడి చేతికి డబ్బు ఏ రోజు వస్తుంది? బడి తెరిచే రోజు అందరికీ ఒకటే. డబ్బు చేరే రోజు మాత్రం ఊరికొకటి. సరుకు లెక్క వేయాల్సింది ఆ రెండో తేదీ మీద.

ముందు కొననివాళ్లను కొట్టేయండి

మండలంలో ఇంతమంది పిల్లలున్నారు, తలకు ఇన్ని పుస్తకాలు అని గుణించి ఆర్డరు పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ గుణకారం 2020 అక్టోబరు 8తోనే చెల్లిపోయింది. ఆ రోజు మొదలైన విద్యా కానుక పథకంలో ప్రభుత్వ బడి పిల్లలకు యూనిఫాం, బూట్లు, బెల్టు, బ్యాగుతో పాటు నోటు పుస్తకాలు కూడా ఇచ్చారు. ప్రభుత్వం మారాక సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర అని పేరు మారింది గానీ కిట్టు ఆగలేదు. ప్రభుత్వ బడి పిల్లవాడు జూన్‌లో మీ ఖాతాదారు కాడు. అక్టోబరు, నవంబరుల్లో ఇచ్చిన పుస్తకాలు నిండిపోయాక ఒకటీ రెండూ కొంటాడు. పెన్నులు, పెన్సిళ్లు ఏడాది పొడుగునా కొంటాడు. అతన్ని జూన్ ఖాతాలోంచి తీసి అక్టోబరు ఖాతాలో వేయండి.

రెండో కోత కార్పొరేట్ బడులది. నెల్లూరు ఆ చదువులకు పుట్టినిల్లు లాంటి ఊరు. ఆ బడుల పుస్తకాలు వాళ్ల ముద్రతో, వాళ్ల కౌంటర్లోనే దొరుకుతాయి. అక్కడ మీకు మిగిలేది అట్టలు, లేబుళ్లు, స్కెచ్ పెన్నులు, ప్రాజెక్టు చార్టులు.

ఇక మిగిలింది చిన్న ప్రైవేటు బడులు, ఊళ్లలోని బుక్ స్టాళ్లు, ఫ్యాన్సీ షాపులు, ఇంటర్ కాలేజీల చుట్టూ ఉన్న జిరాక్సు కొట్లు. మీ మార్కెట్ ఇంతే. చిన్నదే అయినా ఎవరు ఎన్ని కొంటారో పేరుపేరునా తెలిసే మార్కెట్. నా లెక్కలో అది పెద్ద అదృష్టం.

లైనుకొక క్యాలెండరు

తుమ్మలపెంట, ఇసకపల్లి, రామతీర్థం, మైపాడు, కృష్ణపట్నం, తూపిలిపాలెం. ఈ ఊళ్లకు సరుకు వేసేవాళ్లు గోడ మీద రాసిపెట్టుకోవాల్సిన తేదీలు రెండు: ఏప్రిల్ 15, జూన్ 14. తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం ఆ 61 రోజులు. జూన్ 12న బడి తెరిచేటప్పటికి మత్స్యకారుల ఇళ్లలో రెండు నెలలుగా సంపాదన ఉండదు. ప్రభుత్వం ఇచ్చే వేట నిషేధ భృతి 2025లో 20 వేలకు పెరిగింది. అది చేతికొచ్చేసరికి ఇంట్లో సరుకులకు, పాత బాకీలకు, వలల మరమ్మతులకు లెక్క సిద్ధంగా ఉంటుంది.

ఆ ఊళ్ల కొట్టువాళ్లు జూన్ మొదటి వారంలో మీ లైన్ కుర్రాడితో అనే మాట ఒకటే. "సరుకు దించి పో అన్నా, వేటకు పోయినాక ఇస్తాలే." అది ఎగ్గొట్టే మాట కాదు, ఆ ఊరి తారీఖు. మీరు చేయగలిగింది, సరుకును రెండు దఫాలుగా దించడం. బడి తెరిచే రోజుకు తప్పనిసరి పుస్తకాలు కొద్దిగా, అప్పు మీద. పడవలు వెళ్లి రెండు మూడు వేటలు పడ్డాక, అంటే జూన్ ఆఖరులో, మిగతాది నగదు మీద. బ్యాగులు, లంచ్ బాక్సులు, రంగుల పెట్టెలు ఎప్పుడూ రెండో దఫాలోనే పోవాలి. వీటిని మే నెలలోనే గోడౌనులో పేర్చి, వాటికి ఆరు వారాలు వడ్డీ కట్టడం ఎందుకు?

పెన్నా డెల్టా ఊళ్ల సంగతి వేరు. కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం, ఇందుకూరుపేట వైపు రబీ వరి మార్చి, ఏప్రిల్‌లో ఇంటికొస్తుంది. ధాన్యం డబ్బు మేలోనే తిరుగుతుంది కాబట్టి ఆ లైనులో మే ఆఖరుకే మొత్తం సరుకు దించి, డబ్బు కూడా అప్పుడే రాబట్టుకోవచ్చు. రొయ్యల చెరువుల ఊళ్లకు క్యాలెండరే లేదు, పట్టుబడి అయిన వారం పండగ, రేటు పడిపోయిన వారం మౌనం. ఆ లైనులో అప్పు పరిమితి గట్టిగా పెట్టడం తప్ప నాకు వేరే దారి కనిపించలేదు.

వీటన్నిటి మీద 2025 నుంచి కొత్త తేదీ ఒకటి చేరింది. ఆ జూన్‌లో, బడులు తెరిచిన వేళకే, తల్లికి వందనం కింద బిడ్డకు 13 వేల చొప్పున తల్లుల ఖాతాల్లో జమ మొదలైంది. మన వ్యాపారంలో ఇంతకు మించిన వార్త లేదు. కాకపోతే ప్రభుత్వ డబ్బు ఏ తేదీన పడుతుందో ప్రభుత్వం చేతిలో ఉంటుంది. అది పడుతుందని నమ్మి సరుకు కొనకండి. పడితే మూడు రోజుల్లో ఎక్కడి నుంచి తెప్పించుకోగలరో మాత్రం ముందే మాట్లాడి పెట్టుకోండి.

ఇంకో రెండు తేదీలు. కేంద్రీయ విద్యాలయాల్లాంటి సీబీఎస్ఈ బడులకు ఏడాది ఏప్రిల్‌లోనే మొదలు. సూళ్లూరుపేట లైనులో ఇది గుర్తుంచుకోవాలి. తడ దాటితే తమిళనాడు; అక్కడ 2025లో జూన్ 2నే బడులు తెరిచారు. ఆ తేదీతో మనకేం పని అంటారా? మన సరుకులో చాలా భాగం చెన్నై ప్యారీస్ కార్నరు నుంచి, శివకాశి నుంచి వస్తుంది. మే ఆఖరి వారంలో చెన్నై టోకు వ్యాపారి ముందు తన రాష్ట్రం కొట్లకే సరుకు వేస్తాడు. నెల్లూరు ఫోను పది రింగులకు ఎత్తుతాడు. నూట డెబ్భై ఐదు కిలోమీటర్లే కదా, రాత్రికి రాత్రి లారీ వచ్చేస్తుందన్న ధీమా మిగతా పదకొండు నెలలకు పనికొస్తుంది గానీ ఆ పది రోజులకు పనికిరాదు.

నెల్లూరు రొట్టెల పండగ కూడా ఇప్పుడు మన సీజన్లోకి వచ్చింది. హిజ్రీ క్యాలెండరు ప్రకారం ఏటా పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది. 2025లో జూలై 6న మొదలైంది, ఇక జూన్‌లోకి జరుగుతోంది. స్వర్ణాల చెరువు వైపు జనం లక్షల్లో కదిలే ఆ ఐదు రోజులూ ఊళ్లో ఆటో దొరకదు, హమాలీ దొరకడు. డెలివరీలన్నీ దానికి ముందే ముగించండి.

ఎంత కొనాలి

ఇప్పుడు అంకెల్లోకి వద్దాం. ఉదాహరణకు ఒక లాంగ్ నోటు పుస్తకం మీకు 30 రూపాయలకు పడుతుంది, కొట్టుకు 34కు వేస్తారు అనుకోండి. కొట్టువాడు అడిగిన రోజు లేకపోతే మీకు పోయేది 4 రూపాయలు. ఎక్కువై మిగిలిపోతే మళ్లీ జూన్ దాకా, దాదాపు పది నెలలు, 30 రూపాయలు దాని మీద ఇరుక్కుపోతాయి. మీరు బయట రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఉంటే నెలకు 60 పైసలు, పది నెలలకు 6 రూపాయలు. తక్కువైతే 4 నష్టం, ఎక్కువైతే 6 నష్టం. రెండూ కలిపితే 10, అందులో తక్కువ పడితే వచ్చే నష్టం వాటా 4. అంటే పది సీజన్లు వస్తే నాలుగింటిలో సరిపోయి, ఆరింటిలో తక్కువ పడేంత సరుకే మీకు లాభం.

మీ అంచనా ఎనిమిది వేల డజన్ల నుంచి పన్నెండు వేల డజన్ల మధ్య ఎక్కడైనా ఉండొచ్చు అనుకుంటే, ఆ నలభై శాతం చోటు 9,600 డజన్లు. మీ పోటీ వ్యాపారికి బ్యాంకు ఓడీ ఉంది, అతనికి రూపాయి వడ్డీ పడుతుంది. అతని మిగులు నష్టం 3 రూపాయలే. నాలుగును ఏడుతో భాగిస్తే యాభై ఏడు శాతం, దాదాపు 10,300 డజన్లు. అదే పుస్తకం, అదే ఊరు, అదే గిరాకీ. అయినా ఇద్దరూ కొనాల్సిన సంఖ్య ఒకటి కాదు. అతను రెండు లారీలు దించాడని మీరూ దించితే, అతని లాభం లెక్క మీ నష్టం లెక్క అవుతుంది.

బడి పేరు వేసిన బెల్టుకు ఇదే లెక్క వేయండి. 60కి కొని 80కి అమ్మితే, లేకపోతే పోయేది 20, మిగిలితే పోయేది మొత్తం 60. పక్క బడివాడు దాన్ని ఊరికే ఇచ్చినా తీసుకోడు. ఇరవై భాగం ఎనభై, అంటే పావు వంతు. నాలుగు వందల నుంచి ఆరు వందల మధ్య గిరాకీ ఉంటే నాలుగు వందల యాభైకి మించి కుట్టించొద్దు. అదీ బడి యాజమాన్యం అడ్వాన్సు ఇచ్చాకే.

ఈ లెక్కకు లొంగనివి కొన్ని ఉంటాయి. నాలుగు గీతల పుస్తకం, రబ్బరు, పెన్సిలు, అట్టలు. ఇవి లేకపోతే పోయేది రూపాయో రెండో కాదు. యూకేజీ పిల్లవాడి తల్లి మొదటి రోజే అడిగేది నాలుగు గీతల పుస్తకం. అది లేని కొట్టువాడు పక్క డిస్ట్రిబ్యూటరుకు ఫోన్ చేస్తాడు, ఆ ఫోన్లోనే మిగతా చీటీ మొత్తం చదివేస్తాడు. అందుకే ఈ చిల్లర సరుకు దండిగా ఉంచండి. మొత్తం పెట్టుబడిలో వీటి వాటా చిన్నది, ఖాతాదారును నిలబెట్టేవి మాత్రం ఇవే.

ఐదు చీటీలు

ఎనిమిది వేల నుంచి పన్నెండు వేలు అన్న ఆ అంచనా ఎక్కడి నుంచి వస్తుంది? మన దగ్గర మామూలుగా యజమాని కుర్చీలో కూర్చుని "పోయినేడు ఎంత పోయింది? దాని మీద పది శాతం వేయండి" అంటాడు, లైన్ కుర్రాళ్లు తలూపుతారు. అక్కడితో అయిపోతుంది.

అమెరికాలోని ఆస్పెన్‌లో స్పోర్ట్ ఒబెర్మేయర్ అని మంచు ఆటల దుస్తులు చేసే కంపెనీ ఉంది. మనలాగే వాళ్లదీ ఒక్క సీజన్ వ్యాపారం. సరుకు మిగిలితే తెగనమ్మాలి, చాలకపోతే మళ్లీ కుట్టించే టైము ఉండదు. 1994లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో వాళ్ల పద్ధతి మీద ఒక వ్యాసం వచ్చింది. అంచనా వేసేవాళ్లందరినీ ఒకచోట కూర్చోబెట్టి ఒక్క సంఖ్య మీద ఒప్పించడం మానేసి, ఎవరికి వారు విడిగా రాయమన్నారు. అందరి అంకెలూ దగ్గరగా ఉన్న డిజైన్ల గిరాకీ నిజంగానే అంచనాకు దగ్గరగా వచ్చింది. అంకెలు చెల్లాచెదురుగా ఉన్నచోట గిరాకీ కూడా అలాగే ఉంది. మొదటి రకాన్ని ముందుగా కుట్టించి, రెండో రకాన్ని తొలి ఆర్డర్లు వచ్చేదాకా ఆపారు.

దీనికి కంప్యూటరు అక్కర్లేదు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం కావలి లైను, గూడూరు లైను, డెల్టా లైను, టౌను చూసే కుర్రాళ్లను, గోడౌను చూసే మనిషిని పిలవండి. అవును, గోడౌను మనిషిని కూడా. ఏ బండిలు మీద దుమ్ము ఎన్నాళ్లుగా ఉందో అతనికే తెలుసు. ఒక్కొక్కరికి ఒక చీటీ ఇచ్చి, పక్కవాడికి చూపించకుండా రాయమనండి. యజమాని తన అంకెను ఆఖరున విడిగా రాసుకోవాలి, నోరు విప్పకుండా.

రెండు వందల పేజీల సింగిల్ రూల్డ్ లాంగ్ పుస్తకానికి ఐదుగురూ దగ్గర దగ్గరగా రాస్తారు. దాన్ని ఫిబ్రవరి, మార్చి స్కీములోనే, డిస్కౌంటు రేటుకే బుక్ చేయండి. కొత్త బొమ్మ వచ్చిన బ్యాగుకు ఒకడు వంద రాస్తాడు, ఇంకొకడు ఆరు వందలు రాస్తాడు. అక్కడ సరాసరి తీయకండి. వందే తెప్పించి మే మధ్యలో నాలుగు కొట్లలో పెట్టి చూడండి, పది రోజుల్లో కొట్టే చెబుతుంది. డిస్కౌంటు పోతుంది కదా అంటారు. మిగిలిన బ్యాగును మరుసటి ఏడాది ఏ రేటుకు వదిలించుకున్నారో పాత బిల్లులు తీసి చూస్తే, ఆ డిస్కౌంటు మీద మోజు తీరిపోతుంది.

రికార్డు పుస్తకాల విషయంలో ఐదు చీటీలూ ఒకే మాట చెప్పినా నమ్మొద్దు. 2025–26 నుంచి ఇంటర్ మొదటి ఏడాదిలో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం కలిపి జీవశాస్త్రం చేశారు. రెండు గణితాలను ఒకటి చేశారు. బోటనీ అని, జువాలజీ అని విడివిడిగా అట్ట వేయించిన రికార్డులు ఎవరి గోడౌనులో ఎక్కువుంటే వాళ్లకు అంత భారం. మీ లైను కుర్రాడికి కొట్లు తెలుసు, ఇంటర్ బోర్డు సర్క్యులరు తెలియదు. ఏటా ఫిబ్రవరిలో ఒక లెక్చరరు దగ్గరికి వెళ్లి కాఫీ తాగి రావడం కూడా స్టాక్ నిర్వహణలో భాగమే. అట్ట మీద ఏ పేరూ లేని రికార్డు, లేబులు విడిగా అంటించే రికార్డు తీసుకోవడం ఇంకా మేలు.

సముద్రపు గాలి

నోటు పుస్తకం చెడిపోదని చాలామంది ధైర్యం. అల్లూరులోనో ముత్తుకూరులోనో గోడౌను పెట్టి చూడండి. సముద్రపు తేమకు ముందు పోయేది కాగితం కాదు, మధ్యలో ఉన్న పిన్ను. పిన్ను తుప్పు పట్టి, నడిమి పేజీ మీద గోధుమరంగు మరక దిగుతుంది. పుస్తకం చేతికివ్వగానే తల్లిదండ్రులు తెరిచేది సరిగ్గా ఆ పేజీనే. జామెట్రీ బాక్సులో కంపాసు మొన సంగతీ అంతే. నేల మీద నేరుగా బండిళ్లు పేర్చకండి, చెక్క పలకలు వేయండి. గోడకు అడుగు ఎడం వదలండి. పాత సరుకు ముందు వరసలో, కొత్తది వెనక. మాట చిన్నదే గానీ లారీ రాత్రి పదకొండింటికి వస్తే హమాలీలు కొత్త సరుకును గుమ్మం దగ్గరే దించేసి పోతారు, తెల్లారి నుంచి అదే ముందు అమ్ముడుపోతుంది. బండిలు మీద నెల పేరు స్కెచ్ పెన్నుతో రాయించే అలవాటు చేయండి.

జూలై 31న షట్టరు సగం దించి సరుకంతా లెక్కపెట్టండి. మిగిలినదాంట్లో మామూలు పుస్తకాలు కొన్ని అక్టోబరు గిరాకీకి పోతాయి. పలకలు, బలపాలు దసరా మూలా నక్షత్రానికి, వసంత పంచమికి అక్షరాభ్యాసాల మీద పోతాయి. ఎగ్జామ్ ప్యాడ్లు, గ్రాఫ్ కాగితాలు జనవరి నుంచి కదులుతాయి. ఈ మూడింటిలోకీ రానిది ఏదైనా ఉంటే ఆగస్టులోనే కొన్న ధరకు, లేదా ఇంకా తక్కువకు వదిలేయండి. వచ్చే జూన్ దాకా దానికి కాపలా కాయవద్దు.

ఆగస్టులో తేలికపడ్డవాళ్లకు 2025 సెప్టెంబరు 22 సుఖంగా గడిచింది. ఆ రోజు నుంచి నోటు పుస్తకాలు, పెన్సిళ్లు, క్రేయాన్ల మీద 12 శాతం జీఎస్టీ సున్నా అయింది, రబ్బరు మీద 5 శాతం కూడా పోయింది, జామెట్రీ బాక్సు 12 నుంచి 5కు దిగింది. కొనేవాళ్లకు మేలే. గోడౌను నిండా పాత పన్నుతో కొన్న సరుకున్నవాళ్లు మాత్రం తీసుకున్న క్రెడిట్‌ను తిరిగి కట్టి, రేటు కూడా తగ్గించి అమ్మాల్సి వచ్చింది.

ఆగస్టు తొందరకు ఇంకో కారణం మన వాన. నెల్లూరుకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలవి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో సోమశిల జలాశయం నుంచి ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు వదిలితే పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, హైవే తెగింది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చింది. కాగితం బరువు కాబట్టి మనవన్నీ కింది అంతస్తు గోడౌన్లే. అడుగు నీళ్లు వస్తే కింది మూడు వరసలూ తూకానికే.

చిన్న వ్యాపారుల కోసం 2021 ఏప్రిల్ నుంచి అన్ని సాధారణ బీమా కంపెనీలూ భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే పాలసీ ఇస్తున్నాయి. ఐదు కోట్ల లోపు ఆస్తికి, సరుకుకు వర్తిస్తుంది, తుపాను, వరద కూడా అందులో ఉంటాయి. బీమా మొత్తం సరుకు విలువ కన్నా 15 శాతం లోపు తగ్గితే పట్టించుకోరు. అంతకు మించి తగ్గితే నష్టపరిహారంలో ఆ మేరకు కోస్తారు. చాలామంది పాలసీ మార్చి 31 నాటి స్టాకు విలువకు రాయించుకుంటారు, సరుకు నిండుగా ఉండేది మేలో. ఈ రాత్రే మీ పాలసీ తీసి, అందులో రాసిన విలువ ఏ నెలదో చూసుకోండి.